పాలుకు ఇచ్చిన బొమ్మ

పుంగనూరు
14-4-2001

పొద్దున మబ్బు పట్టింది, వాన రాలేదు. అంగడి ముందు తాటాకు పందిరి సవరించాను.

కుప్పం సోడా అంగడి బాలప్ప బావకు, పుంగనూరు దాణా అంగడి రంగప్ప నమస్కారం పెట్టి రాస్తున్నది.

మీరు పశువుల దళారి బాబ్జాన్ చేత పంపిన అట్టపెట్టె నిన్న సంతలో అందింది. ఇంటికి తెచ్చి విప్పాము. పసిబిడ్డ బొమ్మ ఒకటి, దాని పాలసీసా, మీ చీటీ ఉన్నాయి. బొమ్మ నిండుగా ఉంది. తల మీద జుట్టు మెత్తగా ఉంది. పడుకోబెడితే కళ్లు మూస్తుంది, లేపితే తెరుస్తుంది. మా ఇంటిది సుభద్రమ్మ దాని బుగ్గన దిష్టిచుక్క పెట్టింది.

"ఇది ఏడుస్తాది, నవ్వుతాది, కడుపు మీద తడితే 'మమ్మా' అంటాది. మీ బిడ్డ నాయకి దీనితోనన్నా మాట్లాడుతుందేమో సూడు. ఊరికే ఇస్తే నువ్వు తీసుకోవు గాబట్టి పాలుకు ఇస్తాండా, మేపుకో" అని చీటీలో రాశారు.

మంచిది. పాలుకే తీసుకుంటున్నాను. ఆవుపెయ్యను పాలుకు ఇచ్చే పద్ధతి మీకు తెలిసిందే అయినా, రాతలో ఉండటం మేలు. సొంతం మీది. మేత, నీళ్లు, కాపలా మావి. ఈనేదాకా మా కొట్టంలోనే ఉంటుంది. పుట్టిన దూడలో చెరి సగం. నడుమ మీరు తోలుకుపోకూడదు, నేను అమ్మకూడదు. సొంతదారు చెప్పనిదే నేను దానికి కోత గానీ కుట్టు గానీ వేయకూడదు.

నాయకి సంగతి మీకు తెలుసు. అయిదేళ్లు నిండాయి. వాళ్లమ్మ చెవిలో తప్ప ఎవరితోనూ మాట్లాడదు. నాతో కూడా మాట్లాడదు. నిరుడు బడిలో చేర్చుకోలేదు. ఈ జూన్‌లో పెద్ద మేడం ముందు నిలబడి తన పేరు తాను చెప్పాలి. చెప్పకపోతే మదనపల్లెలో మాటరాని పిల్లల బడి ఉందట, దాని హాస్టల్లో వేయమని రాసిస్తానన్నది. మా బిడ్డకు మాట వచ్చు. హాస్టలుకు పంపను. పేరు చెప్పిస్తాను.

బొమ్మను నాయకి ఇంకా ముట్టుకోలేదు. దూరంగా కూర్చుని చూస్తుంది. బొమ్మ కూడా నిన్నటి నుంచి ఏమీ అనలేదు.

రాసింది పైకి చదువుకుంటే గాని నాకు తప్పులు తెలియవు. అలవాటు ప్రకారం ఈ ఉత్తరం కూడా వసారాలో కూర్చుని గట్టిగా చదివాను. సుభద్రమ్మ బాగుందన్నది.

ఇట్లు మీ బామ్మర్ది
రంగప్ప

మరొక మాట: బొమ్మ నోట్లో నుంచి చీమలు వస్తున్నాయి. ఎండలో పెట్టాను. అది మామూలేనా?


కుప్పం
20-4-2001

మాటల్లో పిసినారి, మా ఇంటిదాని తోడబుట్టినోడు అయిన రంగప్పను బావ బాలప్ప దీవించి రాసేది.

నీ ఉత్తరం చదివినంకా మీ అక్క మునిరత్నమ్మ కడుపు పట్టుకోని నవ్వింది. నేనేందో తమాషాకి పాలుకు అని రాస్తే, నువ్వు దస్తావేజు రాసి పంపినావు గదప్పా! రబ్బరు బొమ్మ ఈనేదేంది, దూడ యాడ నుంచి వస్తాది? సరే పో, నాకేం నష్టం. ఈనితే కబురు చెయ్. జున్ను కూడా పంపు.

ఫోన్ చేద్దామంటే నీతో కుదరదు. పోయినసారి ఎస్టీడీ బూత్‌లో నిలబడి ఊరి సంగతులన్నీ నేను చెప్పినా. ఆఖర్న నువ్వు "ఊ" అన్నావు. బిల్లు మాత్రం ఇద్దరం మాట్లాడినట్టే వచ్చింది. అందుకే ఉత్తరం. ఉత్తరంలో అయితే నువ్వు మనిషి మాదిరి మాట్లాడతావు. పైగా రాసింది మళ్లీ గట్టిగా చదువుతావంట! రోజంతా నోరు తెరవనోడు సొంత ఉత్తరం తానే చదువుకుంటే ఆ వీధి కుక్కలు ఏమనుకుంటాయప్పా?

బొమ్మ పలకలేదని గాబరా పడొద్దు. కొత్త ఊరు, కొత్త నీళ్లు. అందులోనూ వచ్చి పడింది మీ ఇంట్లో. మొగుడూ పెళ్లాం ఒకరి మొగం ఒకరు సూసుకోని, సంగటి తిని, లేసిపోతారు. ఆ బొమ్మకు ఇది ఇల్లో గుడో అర్థమై ఉండదు. ఈడ మా బిడ్డ శ్వేత నోరు మూసుకుంటే గదా, దానికి ఏడ్చేదానికి సందు దొరికేది.

నాయకి గురించి దిగులు పెట్టుకోవద్దు. అది మీ వంశంలోనే ఉండాది. పెళ్లి మాటలకి వచ్చినప్పుడు మీ నాయన నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు. పిల్లోడు ఏం చేస్తాడని నన్ను నేనే అడుక్కోని, సోడా అంగడి ఉండాదని నేనే చెప్పుకోని, మంచి సంబంధమేనని నేనే ఒప్పుకోని, పిల్లను చేసుకోని వచ్చినా.

సోడా మాదిరి పొంగే మీ బావ
బాలప్ప

విన్నపం: చీమలు మామూలే. దాని వీపు మీద ఒక మూత ఉండాది, మరలు బిగించి ఉండాయి. దాన్ని మాత్రం తీయొద్దు. యాల అని అడగొద్దు.


పుంగనూరు
27-4-2001

నిన్న సాయంత్రం గాలివాన, వడగళ్లు. మామిడి పిందెలు రాలాయి. తడిసిన తవుడు బస్తాలు పొద్దున ఎండకు పరిచాను.

బాలప్ప బావకు, అక్కకు రంగప్ప నమస్కారం.

బొమ్మ ఏడ్చింది.

మొన్న మధ్యాహ్నం నేను అంగడిలో ఉన్నాను. వెనక గదిలో, చెనక్కాయ చెక్క బస్తాల చాటు నుంచి పసిబిడ్డ ఏడుపు వినబడింది. సుభద్రమ్మ వంటింట్లో నుంచి వచ్చింది. ఇద్దరం గుమ్మం దగ్గర కలుసుకున్నాము. లోపలికి పోయేసరికి ఏడుపు ఆగింది. బొమ్మ బస్తా మీద పడుకుని ఉంది. పక్కన నాయకి ఎప్పటి మాదిరే నోరు బిగించి కూర్చుని ఉంది. "బొమ్మ ఏడ్చిందామ్మా?" అని అడిగాను. అవునని తల ఊపింది.

నిన్న మళ్లీ ఏడ్చింది. ఈసారి "ఆకలి" అన్నది. మీరు "మమ్మా" అంటుందని రాశారు. మా దగ్గర ఆ మాట అనలేదు. ఈ పొద్దు నవ్వింది కూడా.

మనిషి కనిపిస్తే ఆపేస్తుంది. కొత్తగా తోలుకొచ్చిన పశువు కూడా అంతే, మనం చూస్తుంటే మేత ముట్టదు. అందుకని చూడటం మానేశాము. అది మాట వింటే నవ్వే బొమ్మ అని పెట్టె మీద బొమ్మలు చూసి తెలుసుకున్నాను. కనుక మధ్యాహ్నం పూట గుమ్మానికి వీపు పెట్టి కూర్చుని, ఆ రోజు చేసిన పనులు పైకి చెబుతున్నాను. "గానుగ నుంచి చెక్క వచ్చింది" అన్నాను. "ఎద్దు నా చెప్పు తొక్కింది" అన్నాను. లోపల నుంచి నవ్వింది. ఇంతసేపు వరసగా మాట్లాడింది నా పెళ్లిలో కూడా లేదు.

ఇట్లు
రంగప్ప

మరొక మాట: బొమ్మకు మీ కుప్పం యాస రాలేదు. పుంగనూరు యాసే మాట్లాడుతోంది. సంతోషం.


కుప్పం
3-5-2001

పుంగనూరు రంగప్పకు బాలప్ప ఆత్రంగా రాసేది.

ఏడ్చిందా? నిజంగా ఏడ్చిందా? నోటితోనేనా?

నీ ఉత్తరం నేను చదివి మీ అక్కకు ఇచ్చినా. మీ అక్క చదివి నా మొగం సూసింది. నేను మీ అక్క మొగం సూసినా. ఈ లోపల మా శ్వేత తలుపు చాటున అంతా విని వీధిలోకి పారిపోయింది. "నా పింకీ మాట్లాడతాందంట! ఆకలి అంటాందంట!" అని మంగలంగడి దాకా దండోరా వేసొచ్చింది. ఇప్పుడు నాకు ఊపిరాడడం లేదు. గంగమ్మ జాతర దగ్గర పడతాండాది. ఆ బొమ్మను సంకన వేసుకోని జాతరలో తిరగాలంట. తెచ్చిస్తావా లేదా నాయనా, తెచ్చిస్తావా లేదా అని పొద్దుగూకులూ అదే పాట.

కాబట్టి వచ్చే సంతకి బాబ్జాన్ వస్తాడు. పింకీని ఇచ్చి పంపు. పాలూ గీలూ అంతా తమాషాకి రాసిందే గదప్పా. నాయకికి ఇంకో బొమ్మ సూస్తాంలే. దీనికన్నా పెద్దది.

తొందరలో ఉండే మీ బావ
బాలప్ప

విన్నపం: నువ్వేమన్నా మూత తీసినావా? తీసి లోపల ఏమన్నా పెట్టినావా? కోపమేం లేదు. ఊరికే అడుగుతాండా.

ఇంకో విన్నపం: ఆకలి అని తెలుగులోనే అన్నిందా? బెంగుళూరులో కొన్నప్పుడు పెట్టె మీద అంతా చైనా రాతలు ఉండె.


పుంగనూరు
11-5-2001

ఎండ తీవ్రం. నీళ్లతొట్టి కడిగి, సున్నం వేశాను.

బాలప్ప బావకు రంగప్ప నమస్కరించి చెప్పుకునేది.

బొమ్మను ఇవ్వను.

తమాషాకి రాశానని మీరు ఇప్పుడంటున్నారు. కాగితం మీద ఆ మాట లేదు. పాలుకు అని ఉంది. ఈనేదాకా సొంతదారు తోలుకుపోకూడదని నేను రాశాను. మీరు కాదనలేదు. జున్ను కూడా అడిగారు.

బాబ్జాన్ వచ్చాడు. మీ మాటా నా మాటా రెండూ విన్నాడు. "అరే రంగప్ప భాయ్, ఇంత కాలం దళారి పని చేసినా. సొంతంగా నడవలేని పశువు మీద పంచాయితీ ఇదే మొదలు. సరే, నోరు చూపించు, వయసు చెప్తా" అన్నాడు. నోరు తెరిచి చూశాడు. చీమ కరిచింది. వేలు చప్పరించుకుంటూ, "పళ్లే రాలేదు భాయ్. ఈనేదానికి ఇంకా టైం పడతాది. పద్ధతి ప్రకారం ఇప్పుడు కదిలించకూడదు. బాలప్ప భాయ్‌కి నేను చెప్తా" అని టీ తాగి వెళ్లాడు.

పెద్ద మేడం ఒకసారి ఆ హాస్టలు చూసి రమ్మన్నది. చూస్తే గాని వద్దనకూడదు కదా అని బుధవారం నాయకిని, బొమ్మను తీసుకుని మదనపల్లె పోయాను. హాస్టలు శుభ్రంగా ఉంది. ముందు వేపచెట్టు ఉంది. తప్పు పట్టడానికి ఏమీ లేదు. పిల్లలు చేతులతో మాట్లాడుకుంటున్నారు. వాళ్లకు అది మంచి చోటు. గేటు లోపలికి అడుగు పెట్టబోతుండగా నా వెనక నుంచి, "ఇంటికి పోదాం నాయనా" అని వినబడింది.

బొమ్మ అన్నది.

తిరిగి చూడలేదు. వచ్చేశాము. బస్సులో పుంగనూరు దాకా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. నన్ను నాయనా అన్నది అదే మొదలు. బొమ్మ.

శ్వేతకు కష్టం కలిగినందుకు బాధగా ఉంది. అయినా ఇవ్వను.

ఇట్లు
రంగప్ప

మరొక మాట: బొమ్మ నిన్న బెల్లం అడిగింది. దాని ముందు ఒక ముక్క పెట్టి అటు తిరిగాను. ఇటు తిరిగేసరికి లేదు.


కుప్పం
19-5-2001

మర్యాద తెలిసిన కుటుంబంలో పుట్టి మొండికేసిన రంగప్పకు బాలప్ప రాసేది.

బెల్లం తిన్నదా! బెల్లం తినే బొమ్మ బెంగుళూరులోనే కాదు, అమెరికాలో కూడా లేదు. నాకు అర్థమైపోయింది. నువ్వు మా పింకీని దాచిపెట్టి, యాడా దొరకని సరుకు ఇంకోటి సంపాదించినావు. లేదంటే మా బొమ్మతో అంగడి నడుపుతాండావు. పలమనేరు సంతలో బాబ్జాన్ కనపడితే నిలదీసినా. "రంగప్ప భాయ్ అంగడి వెనక గోడకి మనుషులు చెవులు పెట్టుకోని కూర్చుంటాండారు" అన్నాడు. ఏమప్పా, బొమ్మ మాటలు వినిపించి తవుడు అమ్ముతాండావా?

ఈడ నా పరిస్థితి విను. శ్వేత నిరాహారదీక్ష చేస్తాండాది. మూడు పూటలా తింటాది, నడుమ నడుమ దీక్ష. జాతరకి గుమ్మడికాయకి చొక్కా తొడిగి సంకలో ఎత్తుకోని పోయింది. సూసినోళ్లంతా "బిడ్డ బాగుండాడు బాలప్పా, ఎవరి పోలిక?" అని నన్ను అడిగినోళ్లే.

మీ అక్క ఏమో "నా తమ్ముడు ఊరికే మొండికేసే మనిషి కాదు, ఏదో ఉండాది" అనింది. "ఏముండాది, దురాశ ఉండాది" అన్నా. అంతే. ఆ పొద్దు నుంచి నాతో మాట్లాడడం మానేసింది. ఇన్నేండ్లకి మీ వంశం గుణం బయటపడింది. ఇంట్లో నేనే మాట్లాడి నేనే "ఊ" అనుకుంటాండా.

జూన్‌లో నేనే వస్తాండా. ఇద్దరు పెద్దమనుషుల్ని కూడా పెట్టుకోని వస్తా. సిద్ధంగా ఉండు.

కోపంతో
బాలప్ప

విన్నపం: నిజం చెప్పు. అది మన బొమ్మేనా?

ఇంకో విన్నపం: ఆ బెల్లం ఏ ఊరిది?


పుంగనూరు
28-5-2001

తెల్లవారుజామున చిన్న వాన. కొట్టం కప్పు కారిన చోట బోదగడ్డి వేశాను.

బాలప్ప బావకు రంగప్ప నమస్కారం.

బడి తెరిచేదాకా రావద్దు. మీరు మా ఇంటికి రాకూడదని కాదు. ఈ పదిహేను రోజులు ఎవరూ రావద్దు. కొత్త మనిషి అడుగు పడితే బొమ్మ మాట ఆగుతుంది.

అది మీ బొమ్మే. చీమలు ఇంకా వస్తూనే ఉన్నాయి.

గోడకు చెవి పెట్టేది ఊరి జనం కాదు. నేను, సుభద్రమ్మ, పక్కింటి శారదమ్మ. ముగ్గురం ఎవరి పని వాళ్లం చేసుకుంటున్నట్టు కూర్చుంటాము. శారదమ్మ చింతపండు గింజలు తీస్తుంది. గింజలన్నీ అయిపోయినా తీస్తూనే ఉంటుంది. నేను ఒకే సంచి నోరు కుట్టి, విప్పి, మళ్లీ కుడుతున్నాను.

బొమ్మ ఇప్పుడు తనలో తాను రెండు గొంతులతో మాట్లాడుకుంటోంది. ఒకటి సన్నది, ఒకటి మామూలుది.

"నీకు మాట రాదా?" అంటుంది సన్న గొంతు.

"వస్తాది."

"మరి యాల మాట్లాడవు?"

"అందరూ నా నోరే సూస్తా ఉంటారు."

"సూడకపోతే?"

జవాబుగా "బెల్లం ఉండాదా?" అని వినబడింది. సుభద్రమ్మ లేచి వంటింట్లోకి పోయింది. ఎంతసేపటికీ రాలేదు. పోయి చూస్తే బెల్లం డబ్బా చేతిలోనే ఉంది, ఏడుస్తోంది.

మీకు ఒక మనవి. మీరు ఏం రాసినా సుభద్రమ్మ కోసం ఈ ఇంట్లో నేను పైకి చదువుతాను. నేను రాసేది కూడా పైకి చదువుతాను. మా వసారా చిన్నది. అది మనసులో పెట్టుకుని రాయండి.

ఇట్లు
రంగప్ప

మరొక మాట: అక్క మాట్లాడకపోయినా మీరు ఆపవద్దు. మా ఇంటివాళ్లం పలకము గానీ వింటాము.


కుప్పం
4-6-2001

ప్రాణానికి ప్రాణమైన బామ్మర్ది రంగప్పకు బాలప్ప వణుకుతా రాసేది.

ఈడ అంతా క్షేమం. మామిడికాయలు ఈ ఏడు తక్కువే.

రంగప్పా, ఇంక దాచలేను. ఆ బొమ్మ చచ్చి చానా దినాలైంది. మా శ్వేత దాని నోట్లో గిన్నెడు రాగిజావ పోసింది. ఒక్క ఎక్కిలి వచ్చింది, అంతే, మూగదైపోయింది. ఈడ రేడియో రిపేరు అబ్బాయి కోసి సూసి, లోపల ఉండే సామాను, సెల్లులు అన్నీ తీసి పారేసినాడు. నేను మూత బిగించినా. దాని కడుపులో గాలి తప్ప ఇంకేం లేదు. పనికిరాని బొమ్మను నీకు అంటగట్టినా. సిగ్గుగా ఉండాదప్పా.

ఇప్పుడు సెప్పు. లోపల ఏమీ లేని బొమ్మ ఏడ్చేదేంది? బెల్లం తినేదేంది? రెండు గొంతులతో మాట్లాడేదేంది? నీ ఉత్తరం వినంగానే మీ అక్క మౌనం విడిచి, "దయ్యం" అనింది. చానా దినాల తర్వాత మీ అక్క నాతో అన్న మొదటి మాట అది.

బిడ్డను ఆ బొమ్మ దగ్గర ఉంచొద్దు. తీసుకుపోయి ఏట్లో పారెయ్. పెద్దమనుషుల్ని వద్దనుకున్నా. తంబళ్లపల్లె పక్క ఒకాయన ఉండాడంట, వేపమండలతో దిగదుడుస్తాడంట. 12వ తేదీ పొద్దున బస్సుకి ఆయన్ని పిలుచుకోని వస్తాండాం. కోడి కూడా తెస్తాండాం.

భయంతో
బాలప్ప

విన్నపం: కోడి దయ్యానికి. మిగిలింది మనకి.


పుంగనూరు
13-6-2001

పొద్దున నుంచి తుంపర. అంగడి తెరిచి, ఊడ్చాను. తవుడు లారీ వచ్చి నిలబడింది, ఇంకా దించలేదు.

బాలప్ప బావకు, అక్కకు రంగప్ప నమస్కారం.

ఈ ఉత్తరం అంగడిలో కూర్చుని రాస్తున్నాను. దీన్ని పైకి చదవను.

మీ ఉత్తరం అందిన రోజు వసారాలో అందరం ఉన్నాము. బొమ్మ నాయకి ఒళ్లో ఉంది. చదవడం మొదలుపెట్టాను. మామిడికాయల దాకా బాగానే నడిచింది. ఆ తర్వాతి వాక్యం కళ్లతో చూసి నోరు ఆపాను. అక్కడి నుంచి కాగితం మీద లేనిది చదివాను. మామిడికాయలు ఈ ఏడు తక్కువే, అయినా రుచి బాగుంది, ఊరగాయ పెట్టాము, జాడీ పగిలింది, కొత్త జాడీ కొన్నాము, అని రెండు పేజీలు జాడీ గురించే చదివాను. నోటితో కల్పించడం నాకు అలవాటు లేదు. చెమట పట్టింది. మరునాడు ఎస్టీడీ బూత్ నుంచి మీకు ఫోన్ చేసి "రావద్దు" అని పెట్టేశాను. ఆ మాటతోనే ఆగిపోయారు. మేలు చేశారు. వివరం ఇప్పుడు చెబుతున్నాను.

బొమ్మ ఖాళీ అని నాకు తెలుసు. ఏప్రిల్ 27న ఉత్తరం రాసినప్పుడు తెలియదు. అది నమ్మే రాశాను. మరునాడు చీమల పుట్ట ఎక్కడో చూద్దామని మూత విప్పాను. లోపల ఎండిపోయిన రాగిజావ తప్ప ఏమీ లేదు. సొంతదారును అడగకుండా కోత వేశాను. పద్ధతి తప్పాను.

మూత బిగించి బొమ్మను ఉన్న చోటే పెట్టాను. ఆ మధ్యాహ్నం కూడా ఏడుపు వినబడింది. అప్పుడు అర్థమైంది, ఏడ్చేది ఎవరో. సుభద్రమ్మకు చెప్పాను. చూసీ చూడనట్టు ఉందామని ఇద్దరం అనుకున్నాము. నాయకి మాట్లాడుతోందని ఎవరన్నా ఒక్క మాట అంటే చాలు, మళ్లీ మూతి బిగించేది. బొమ్మ మాట్లాడుతోంది అంటే దానికి ధైర్యం. అందుకే ఆ తర్వాత మీకు కూడా బొమ్మ అన్నది, బొమ్మ బెల్లం అడిగింది అనే రాశాను. రాసి వసారాలో గట్టిగా చదివాను. ఆ ఉత్తరాలు మీ పేరుతో నాయకికి చదివినవి. మీకు నిజం రాద్దామంటే జవాబులో మీరు ఆ నిజమే రాస్తారు. మీ నోరూ మీ కలమూ ఒకే సీసాలోవి. తప్పుగా అనుకోవద్దు.

బొమ్మను మీరు తోలుకుపోతే ఆ గొంతు కూడా పోయేది. దురాశ అన్నారు. నిజమే. ఆశే.

ఈ పొద్దు బడికి పోయాము. పెద్ద మేడం గదిలో బల్ల ముందు నిలబడ్డాము. బొమ్మ నాయకి సంకలో ఉంది. "నీ పేరేందమ్మా?" అని మేడం అడిగింది. పలకలేదు. మళ్లీ అడిగింది. సన్న గొంతు కూడా రాలేదు. నేను కిటికీ చూస్తూ నిలబడ్డాను. సుభద్రమ్మ నేల చూస్తోంది. మేడం హాస్టలుకు రాసే కాగితం ముందుకు లాక్కుంది. కలం మూత తీస్తూ, బిడ్డను ఊరడిద్దామని కాబోలు, "బొమ్మ బాగుందే. నీదేనా?" అన్నది.

నాయకి మొహం ఎర్రబడింది.

"మాది కాదు మేడం" అన్నది. సన్న గొంతు కాదు, దాని గొంతే. "పాలుకు తోలుకొచ్చినాం. సొంతం కుప్పం శ్వేత వదినది. మేపేది మేము. ఈనితే చెరి సగం."

మేడం కళ్లద్దాలు తీసింది. "ఎవరు చెప్పినారు?"

"మా నాయన. రాతలో ఉండాది."

"మీ నాయన పేరేంది?"

"రంగప్ప."

"మరి నీ పేరు?"

"రంగనాయకమ్మ. మా అవ్వ పేరు. నాయకి అంటారు. దీనికి పింకీ అని పెట్టినారు, మార్చేదానికి మాకు హక్కు లేదు. దీని నోట్లో చీమలు ఉండాయి మేడం, వేలు పెట్టొద్దండి."

ఆ తర్వాత ఆపలేదు. బాబ్జాన్ వేలు సంగతి, ఎద్దు నా చెప్పు తొక్కిన సంగతి, మీ సోడా అంగడి సంగతి అన్నీ చెప్పింది. బయట ఇంకా ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు పిల్లలతో ఎదురు చూస్తున్నారు. "రంగప్పా, చేర్చుకున్నాను, ఇంక బిడ్డను తీసుకుపోప్పా" అన్నది మేడం. హాస్టలు కాగితం చించి బుట్టలో వేసింది.

కనుక బావా, ఈనింది. దూడ బాగుంది. కూత గట్టిగా ఉంది. రాసుకున్న ప్రకారం సగం మీది. ఆదివారం నాయకిని, బొమ్మను తీసుకుని కుప్పం వస్తాను. మీ సగం మీరు వినండి. శ్వేత, నాయకి ఇద్దరూ మొదలుపెడితే మీకు సందు దొరకదు. అక్క పక్కన కూర్చుని వినడం నేర్చుకోండి. జున్ను అడిగారు. శారదమ్మ ఆవు నిజంగానే ఈనింది, సుభద్రమ్మ జున్ను వండి పెడతానన్నది. కోడిని ఏం చేశారో రాయలేదు.

తుంపర పెద్దదైంది. లారీవాడు హారన్ కొడుతున్నాడు. తవుడు తడవక ముందే పట్ట కప్పి బస్తాలు దించుకోవాలి.

నాయకి వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఎవరికి నాయనా?" అంటోంది. "కుప్పం మామకి" అన్నాను. "పైకి చదువు" అంటోంది. బస్తాలు దించి వచ్చి చదువుతానన్నాను. "ఇప్పుడే. ఈసారి జాడీ కథ వద్దు, రాసిందే చదువు" అంటోంది. దీనికి ఎప్పటి నుంచి తెలుసో.

బస్తాలు తడుస్తున్నాయి.